మురుగు పొంగిన చోటే అడ్డు ఉందనుకోకండి

వీధులు, డ్రైనేజీ సమస్యల మీద పాఠకుల ప్రశ్నలకు రిటైరైన మున్సిపల్ ఇంజనీర్ జవాబులు

ప్రశ్న: మా గేటు ముందున్న మ్యాన్‌హోల్ పొంగుతూనే ఉంటుంది. మున్సిపల్ యాప్‌లో కంప్లైంట్ పెడతాను. మనుషులు వస్తారు, రాడ్లతో పొడుస్తారు, నీళ్లు దిగిపోతాయి. కొన్నాళ్లకి మళ్లీ మొదలు. ప్రతిసారీ ఫొటో జతచేసి 'దయచేసి వెంటనే శుభ్రం చేయించండి' అని రాస్తున్నాను. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.
— ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీరు అడిగింది వాళ్లు చేస్తూనే ఉన్నారు. చిక్కంతా అక్కడే. మీరు శుభ్రం చేయమన్నారు, వాళ్లు చేశారు, కంప్లైంట్ మూసేశారు. కాగితం మీద చూస్తే ఎవరి తప్పూ లేదు.

మ్యాన్‌హోల్ పొంగుతోందంటే, అక్కడి నుంచి నీళ్లు పోయే దారిలో ముందెక్కడో అడ్డు ఉందని అర్థం. మురుగు పైపును నేలలో వాలుగా వేస్తారు. మోటారు అవసరం లేకుండా నీళ్లు వాటంతటవే పల్లానికి పోవాలి. రోజులో ఏదో ఒక వేళైనా ఆ నీళ్లు సెకనుకు సుమారు 0.6 మీటర్ల వేగం అందుకునేలా వాలు లెక్క కడతాం. ఆ వేగం లేకపోతే ఇసుక, మట్టి అడుగున కూర్చుంటాయి. పైపు ఎక్కడైనా పూడుకుపోతే వెనకాల నీళ్లు నిండుకుంటూ వచ్చి, ఆ వరసలో ఏ మూత పల్లంలో ఉంటే దానిలోంచి పైకి తన్నుకొస్తాయి. ఆ పల్లపు మూత మీ గేటు ముందు పడింది. అసలు అడ్డు రెండు మ్యాన్‌హోళ్ల అవతల, వీధి మలుపు తిరిగాక ఉండొచ్చు. పొంగిన మ్యాన్‌హోల్ ఒక్కదాన్నే శుభ్రం చేయించుకోవడం, జ్వరం తగ్గాలని థర్మామీటర్‌ని కడగడం లాంటిది.

ఇక ఆ రాడ్ల సంగతి. రాడ్డుతో పొడిస్తే అడ్డులో ఒక కన్నం పడుతుంది. ఆ కన్నంలోంచి నీళ్లు దిగిపోతాయి. పైనుంచి చూసేవాళ్లకి పని పూర్తయినట్టే కనిపిస్తుంది. ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. పైపు గోడలకి పట్టిన జిడ్డు మాత్రం అలాగే ఉంటుంది. దానికి మళ్లీ గుడ్డపేలికలు, వెంట్రుకలు, తడి టిష్యూలు చుట్టుకుంటాయి. వంట నూనె వేడిగా ఉన్నప్పుడు సింకులో నీళ్లలాగే జారిపోతుంది, చల్లటి పైపులోకి వెళ్లాక గడ్డకడుతుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధుల కింద ఇలాంటి కొవ్వు గడ్డ ఒకటి బయటపడింది. పొడవు దాదాపు 250 మీటర్లు, బరువు 130 టన్నుల దాకా ఉంటుందన్నారు. దాన్ని తవ్వి తీయడానికి వారాలు పట్టింది. మీ వీధిలో అంత ఉండదు లెండి. కానీ పేరుకునే తీరు అదే.

జిడ్డు ఒక్కటే కారణం అనుకోవద్దు. అతుకుల్లోంచి చెట్ల వేళ్లు లోపలికి దూరతాయి. పైనుంచి బరువు పడి పైపు ఒకచోట కుంగితే అక్కడ నీళ్లు ఎప్పుడూ మడుగు కట్టి ఉంటాయి. కుంగిన పైపును ఎన్ని రాడ్లతో పొడిచినా లాభం లేదు, తవ్వి మార్చాల్సిందే. ఈ తేడా పైనుంచి చూస్తే తెలియదు. కెమెరా లోపలికి పంపాలి.

కాబట్టి ఈసారి కంప్లైంట్ రాసే ముందు కొన్నాళ్లు గమనించండి. ఏ వేళలో పొంగుతోంది? పొద్దున అందరూ స్నానాలు చేసే వేళ మాత్రమే పొంగి, తర్వాత తగ్గితే పైపు సగం మూసుకుపోయిందన్నమాట. రోజంతా పొంగితే దాదాపు పూర్తిగా మూసుకుపోయింది. వాన పడినప్పుడే పొంగితే అది వేరే కథ. మురుగు పైపులో కలవకూడని వాన నీళ్లు కలుస్తున్నాయి. ఎవరో మేడ మీది గొట్టాన్నో, పెరటి కాలువనో తెచ్చి దానికి కలిపేసి ఉంటారు. అది ఎక్కడ కలిసిందో వెతకడానికి ఇంజనీర్లు రంగు నీళ్లు పోసి చూస్తారు, పొగ పట్టించి చూస్తారు. లండన్, న్యూయార్క్ లాంటి పాత నగరాల్లో చాలాచోట్ల మురుగుకి, వానకి కలిపి ఒకే పైపు ఉంటుంది. అక్కడ వానకి పొంగడానికి కారణం పైపు చాలకపోవడమే కావొచ్చు. మీ ఊళ్లో రెండూ వేరా, ఒకటేనా అన్నది ముందు అడిగి తెలుసుకోండి.

దీంతో పాటు ఇరుగుపొరుగుని ఒక్క మాట అడగండి: మీ బాత్‌రూమ్‌లో నీళ్లు వెనక్కి తన్నుతున్నాయా? మీకు ఎగువ ఇళ్లలో తన్నుతూ, దిగువ నాలుగో ఇంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే, అడ్డు మీకూ ఆ ఇంటికీ మధ్యలో ఉండే అవకాశం ఎక్కువ. మూతలు మీరు ఎత్తకండి. అడిగితే చాలు.

ఇవన్నీ తెలిశాక ఇలా రాయండి: 'ఫలానా వీధి, ఫలానా స్తంభం పక్కనున్న మ్యాన్‌హోల్ వాన లేకపోయినా ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య పొంగుతోంది. మలుపు దగ్గరి ఇళ్లకి ఇబ్బంది లేదు. ఇదే చోట గతంలో ఇచ్చిన కంప్లైంట్ల నంబర్లు ఇవి. ఈ మ్యాన్‌హోల్ నుంచి మలుపు వరకు పైపును జెట్టింగ్ చేసి (ఒత్తిడితో నీళ్లు చిమ్మి కడిగి), కెమెరాతో పరీక్షించి, ఏం తేలిందో తెలపాలని కోరుతున్నాను.'

పాత నంబర్లన్నీ ఒకేచోట రాయడం మర్చిపోకండి. యాప్‌లో ప్రతి కంప్లైంటూ విడిగా పుట్టి విడిగా మూతపడుతుంది. పైపు మార్చడానికి డబ్బు అడగాలంటే ఇంజనీర్ చేతిలో ఒక కారణం ఉండాలి. ఒకే చోట మళ్లీ మళ్లీ వచ్చిన కంప్లైంట్ల జాబితా కంటే గట్టి కారణం అతనికి దొరకదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను అలాంటి ఉత్తరాల కోసం ఎదురుచూసేవాణ్ణి, వాటిని పట్టుకునే పై అధికారి గదిలోకి వెళ్లేవాణ్ణి.

ప్రశ్న: వీధి దీపాల దగ్గర్నుంచి విరిగిన కాలువ పలకల దాకా ఏది చెప్పినా రెండు రోజుల్లో 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తోంది. వెళ్లి చూస్తే అంతా ఎక్కడిదక్కడే ఉంటుంది. పచ్చి అబద్ధం కదా ఇది?
— అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి

జవాబు: కొన్నిసార్లు అబద్ధమే. ఎన్ని కంప్లైంట్లు గడువులోపల మూశారన్న లెక్కతో ఉద్యోగి పనితీరు కొలిచే చోట, మూయడమే పని అయిపోతుంది. ఇది నేను లోపల ఉండి చూసిన సంగతి. దాన్ని సమర్థించను.

అయితే ప్రతిసారీ అదే కాదు. మీరు చెప్పిన రోడ్డు నగరపాలక సంస్థది కాకపోవచ్చు. పెద్ద రోడ్లు చాలాచోట్ల రహదారుల శాఖ చేతిలో ఉంటాయి. పైన తారు ఒకరిది, పక్కన వాన కాలువ ఇంకొకరిది, కింద మంచినీళ్ల పైపు మరొకరిది, స్తంభం కరెంటు వాళ్లది. 'మాది కాదు, ఫలానా శాఖకి పంపాం' అని చెప్పడానికి కూడా యాప్‌లో మూసేయడం తప్ప వేరే మీట ఉండదు. మీకు మాత్రం పరిష్కరించినట్టు మెసేజ్ వస్తుంది.

ఇంకో కారణం చెబితే మీకు కోపం రావొచ్చు. సిబ్బంది వచ్చారు, ఆ చోటు దొరకలేదు, వెళ్లిపోయారు. కాలువ పలక ఫొటో పూర్తిగా దగ్గర్నుంచి తీస్తే అందులో పలక ఒక్కటే ఉంటుంది. అది ప్రపంచంలో ఏ కాలువ మీదైనా ఉండొచ్చు. ఫోన్ లొకేషన్ ఎత్తయిన భవనాల మధ్య పక్క వీధిని చూపిస్తుంది. పైగా చాలామంది కంప్లైంట్‌ని రాత్రి ఇంటికొచ్చి తీరిగ్గా పెడతారు, లొకేషన్ వాళ్ల పడకగదిది పడుతుంది. రెండు ఫొటోలు పెట్టండి. ఒకటి దగ్గర్నుంచి. రెండోది నాలుగడుగులు వెనక్కి వచ్చి, గేటో, స్తంభమో, ఇంటి నంబరో, కదలని వస్తువేదో కనిపించేలా. పటం మీద గుర్తుని వేలితో జరిపి సరిచేయండి.

మూసేశాక కొత్త కంప్లైంట్ పెట్టకండి. పాతదాన్నే తిరిగి తెరిచే వీలుంటే తెరవండి. కొత్తది పెడితే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది, పాతది విజయాల ఖాతాలో ఉండిపోతుంది. తిరిగి తెరిచే వీలు లేకపోతే కొత్తదాని మొదటి వాక్యంలోనే పాత నంబరు, అది మూసిన తేదీ, ఆ తర్వాత తీసిన ఫొటో పెట్టండి. ఇంకా కదలకపోతే ఆఫీసుకి వెళ్లి కాగితం మీద ఇచ్చి, ముద్ర వేసిన కాపీ తెచ్చుకోండి. యాప్‌లు వచ్చాక కాగితానికి విలువ పోయిందనుకుంటారు గానీ, ఇన్‌వార్డ్ నంబరు (కాగితం అందిందని ఆఫీసులో వేసే నంబరు) పడిన కాగితాన్ని మూసేయాలంటే ఎవరో ఒకరు కింద సంతకం పెట్టాలి. సంతకం పెట్టేముందు మనిషి ఒకసారి ఆలోచిస్తాడు.

'తగు చర్య తీసుకోగలరని మనవి' అని ముగించకండి. ఏం చర్య కావాలో మీరే రాయండి: పలక మార్చాలా, కాలువ పూడిక తీయాలా, పూడిక తీసి గట్టున పోసిన మట్టిని ఎత్తుకెళ్లాలా. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. తీసిన మట్టి అక్కడే ఉంటే మొదటి వానకే తిరిగి కాలువలోకి దిగుతుంది.

ప్రశ్న: మా వీధిలో ఇరవై ఇళ్లున్నాయి. అందరం తలా ఒక కంప్లైంట్ పెడితే ఒత్తిడి పెరుగుతుందా, లేక ఒక్కటి చాలా?
— ఒక విద్యార్థి

జవాబు: ఒకే గుంత గురించి ఇరవై కంప్లైంట్లు పెడితే పందొమ్మిది 'డూప్లికేట్' అని మూతపడతాయి. ఇలా ఒకే సంగతి పదిసార్లు రాకూడదనే 2007లో బ్రిటన్‌లో ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్‌సైట్ కంప్లైంట్లన్నిటినీ అందరికీ కనిపించే పటం మీద పెట్టింది. మీరు చెప్పబోయేది ఎవరైనా ముందే చెప్పారేమో చూసుకోవచ్చు. అమెరికాలో అయితే 1996లో బాల్టిమోర్ నగరం 311 అనే ఫోన్ నంబరు తెచ్చింది. అత్యవసరం కాని ఫోన్లతో అక్కడి అత్యవసర నంబరు 911 నిండిపోతోందని మొదలుపెట్టారు. తర్వాత చికాగో, న్యూయార్క్ లాంటి నగరాల్లో గుంతలు, చెత్త, దీపాలు అన్నిటికీ అదే నంబరు అయింది.

మీ ఇరవై ఇళ్లకి నా సలహా: ఒకరు కంప్లైంట్ పెట్టండి, మిగతావాళ్లు దానికే తమ వివరాలు జతచేయండి. మూలింటి వాళ్ల గడపలోకి ఎంత ఎత్తు నీళ్లొచ్చాయి, ఎదురింట్లో ఎప్పుడు దిగాయి, ఇలా ఎవరి సమాచారం వాళ్లది. అదే కావాలి. సంతకాల సంఖ్యకంటే అది పనికొస్తుంది.

మీరు విద్యార్థి అన్నారు కాబట్టి ఇంకో పని కూడా చెబుతాను. ఫోన్ వాడడం రాని పెద్దవాళ్ల కంప్లైంట్లు మీరు పెట్టి ఇవ్వండి. బోస్టన్ నగరం 2012లో స్ట్రీట్ బంప్ అనే యాప్ తెచ్చింది. కారులో పెట్టిన ఫోనే కుదుపుని బట్టి గుంతల్ని గుర్తించేది. తెలివైన పనే. కానీ కార్లూ స్మార్ట్‌ఫోన్లూ ఉన్నవాళ్లు తిరిగే వీధుల గుంతలే లెక్కలోకి వస్తాయేమోనన్న చర్చ కూడా దానితోపాటే నడిచింది. ఎక్కువ కంప్లైంట్లు వచ్చిన పేట ఎక్కువ పాడైన పేట అని ఆఫీసులో అనుకుంటారు. నోరున్న పేట అయినా కావొచ్చు.

ప్రశ్న: రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతోంది. ఒకప్పుడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లేవాళ్లం, ఇప్పుడు దిగి వెళ్తున్నాం. చిన్న వానకే నీళ్లు లోపలికి వస్తున్నాయి. ఇప్పుడేం చేయాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి, రోడ్డు వేసేశాక దాన్ని కిందికి దించడం దాదాపు అసాధ్యం. ఈ కంప్లైంట్‌కి సరైన సమయం పని మొదలవడానికి ముందు.

పాత తారుని గీకి తీసి, అంతే మందం కొత్తది వేయాలి. మిల్లింగ్ అంటారు. గీకకుండా పాతదాని మీదే వేస్తే ప్రతిసారీ కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది. గీకడానికి మెషిన్ కావాలి, తీసిన తారు ఎత్తుకెళ్లాలి, ఖర్చు. అందుకే దాన్ని తప్పించుకుంటారు. మీ వీధికి పని మంజూరైందని వినగానే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: అంచనాలో మిల్లింగ్ ఉందా? రాతపూర్వకంగా అడగండి. ఉండి కూడా చేయకపోతే అది బిల్లు ఆపాల్సిన విషయం, ఆ మాటకి ఆఫీసులో అందరికీ చెవులు పనిచేస్తాయి.

ఇప్పటికి మీరు చేయగలిగింది: రోడ్డు మీది నీళ్లు కాలువలోకి ఎందుకు పోవడం లేదో చూడండి. రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా ఉండాలి. తారు రోడ్డుకి నూటికి రెండు వంతుల వాలు ఉంటే సాధారణంగా సరిపోతుంది. తర్వాత ఆ నీళ్లు కాలువలోకి దిగడానికి అంచున రంధ్రాలుండాలి. కొత్త రోడ్డు వేసినప్పుడు వాటిని తారుతో కప్పేయడం నేను తరచూ చూశాను. కాలువ ఖాళీగా ఉంటుంది, పక్కనే రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు! ఆ రంధ్రాలు తెరవడం చిన్న పని, మంజూరు కోసం ఆగనక్కర్లేదు. ముందు ఆ ఒక్కదాని మీదే కంప్లైంట్ ఇవ్వండి.

కాలువే మీ గడప కంటే ఎత్తులో ఉందేమోనని అనుమానమైతే, మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీటి గొట్టంతో మట్టం చూపించమనండి. గొట్టం రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి, తేడా ఎంతో స్కేలుతో కొలవొచ్చు. ఆ అంకె కంప్లైంట్‌లో రాయండి. 'చాలా పల్లం' అనే మాట మీద ఎవరైనా వాదించగలరు, '18 సెంటీమీటర్లు' అంటే వచ్చి కొలవాల్సిందే.

ప్రశ్న: గుంత పూడుస్తారు, నెలలోపే లేచిపోతుంది. ఎందుకని?
— ఒక ఆటో డ్రైవర్

జవాబు: నీళ్లు. పగుళ్లలోంచి దిగిన నీళ్లు కింది పొరని మెత్తబరుస్తాయి, చక్రం ఎక్కినప్పుడల్లా ఆ బురదని బయటికి చిమ్ముతాయి, పైపొర కూలుతుంది. తడి గుంతలో మట్టీ కంకరా పోసి తొక్కితే కింద కారణం అలాగే ఉంది కదా. అంచుల్ని నిటారుగా కోసి, వదులుగా ఉన్నదంతా తీసి, ఆరబెట్టి, తారు పూసి, పొరలుగా దిమ్మిస్తే నిలుస్తుంది. కంప్లైంట్‌లో ఆ గుంతతో పాటు పక్కన నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా రాయండి. ఎండాకాలంలో కూడా తడిగా ఉండే గుంత కింద మంచినీళ్ల పైపు కారుతూ ఉండొచ్చు. అప్పుడు కంప్లైంట్ వెళ్లాల్సింది నీటి సరఫరా వాళ్లకి.

ప్రశ్న: పోయిన వానకి వీధంతా చెరువైంది. మావాళ్లు మ్యాన్‌హోల్ మూత తీసేస్తే నీళ్లు త్వరగా దిగాయి. ఒక కుర్రాడు లోపలికి దిగి చెత్త తీస్తానంటే పెద్దవాళ్లు ఆపారు. మళ్లీ అలా జరిగితే ఏం చేయాలి?
— యువజన సంఘం సభ్యుడు

జవాబు: ఆపినవాళ్లకి నా నమస్కారాలు. ఈ జవాబు మీ సంఘంలో అందరికీ చదివి వినిపించండి.

మురుగు గోతిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొంచెంగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. పది లక్షల వంతుల్లో వంద వంతుల స్థాయికి చేరేసరికి ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు దిగినట్టే పడిపోతాడు. వాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. ఈ చావులు తరచూ ఇద్దరేసి, ముగ్గురేసి చొప్పున జరగడానికి కారణం ఇదే. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఆ గ్యాస్ ఆగదు. ఎవరూ దిగకూడదు. జీతానికి పనిచేసే కార్మికుణ్ణి ఎవరైనా దింపుతుంటే, అది కూడా ఫోన్ చేసి ఆపించాల్సిన విషయమే.

మూత తీయడం కూడా వద్దు. బురద నీళ్ల కింద తెరిచిన గొయ్యి ఎవరికీ కనిపించదు. నీళ్లు దానిలోకి సుడి తిరుగుతూ పోతాయి, నడిచే మనిషిని లాక్కుపోతాయి. పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటేనే పెద్దమనిషి కాలు నిలవకపోవచ్చు, 30 ఉంటే చిన్న కారు తేలిపోవచ్చు. పైగా మీరు మురుగు పైపులోకి వదిలిన వాన నీళ్లు దిగువ వీధిలో ఇళ్లలోకి తన్నుతాయి. మీ చెరువుని వాళ్ల బాత్‌రూమ్‌లోకి పంపారన్నమాట.

మూత లేని గొయ్యి, తెగిన కరెంటు తీగ, నీళ్లలో నిలబడ్డ షాక్ కొట్టే స్తంభం, కుంగుతున్న రోడ్డు: వీటికి యాప్ వాడకండి. కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేయండి, మాట్లాడిన మనిషి పేరు, వేళ రాసుకోండి. మనుషులు వచ్చేదాకా దూరంగా నిలబడి దారి మళ్లించండి. పగలైతే ఎర్రగుడ్డ కట్టిన గడకర్ర, రాత్రయితే వెలిగే దీపం అడ్డం పెట్టండి. చెట్టుకొమ్మ గోతిలో గుచ్చి వదిలేయడం చూస్తుంటాను. చీకట్లో అదీ కనిపించదు.

వాన రాకముందు చేయగలిగేది ఒకటి ఉంది. వాన కాలువ నోటి దగ్గర, రోడ్డు మీదనే, జాలీకి అడ్డం పడిన ఆకులు, ప్లాస్టిక్ సంచులు తీసేయొచ్చు. జాలీ ఎత్తకుండా, గోతిలోకి చెయ్యి పెట్టకుండా.

ప్రశ్న: పక్కింటివాళ్లు కారు ఎక్కించడానికి కాలువ మీద సిమెంటు ర్యాంపు పోశారు. అప్పటి నుంచి మా ముందు మురుగు నిలుస్తోంది. మాటామంతీ ఉన్న ఇల్లు, గొడవ ఇష్టం లేదు. పేరు లేకుండా కంప్లైంట్ ఇవ్వొచ్చా?
— పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: ఇవ్వొచ్చు, కానీ పేరు లేకపోయినా ఎవరిచ్చారో వాళ్లకి తెలిసిపోతుంది, మురుగు నిలిచేది మీ ముందే కదా. మనిషి మీద రాయకండి, చోటు గురించి రాయండి. 'ఫలానా స్తంభానికీ ఫలానా స్తంభానికీ మధ్య కాలువ మూసి ఉంది, పూడిక తీయడానికి సిబ్బందికి వీలు కావడం లేదు, వీధి మొత్తం పొడవునా తనిఖీ చేయగలరు' అని రాస్తే, వాళ్లు అన్ని ర్యాంపులూ చూస్తారు. మీ వీధిలో అదొక్కటే ఉంటుందని నేననుకోను.

దానికంటే ముందు ఒకసారి నేరుగా వెళ్లి అడిగి చూడండి. ర్యాంపు తీసేయమనకండి, కారున్నవాళ్లు ఒప్పుకోరు. సిమెంటు బదులు ఎత్తి పక్కన పెట్టడానికి వీలయ్యే ఇనుప జాలీ ముక్కలు వేసుకోమనండి. కారు బరువు ఆగుతుంది, పూడిక తీసే రోజు ఇద్దరు మనుషులు ఎత్తగలరు. కొలతలు తీసేటప్పుడు కాలువ అడుగు నుంచి తీయాలి, ఇప్పుడున్న బురద మీది నుంచి తీస్తే జాలీ కాళ్లు నీళ్లకి అడ్డం వస్తాయి.